అద్దె కాగితంలో ఆమె పేరేదీ?

ఎల్.బి.నగర్ రింగ్ రోడ్డు దగ్గర ఏ ఉదయం నిలబడినా కొత్త కాపురాలు బస్సు దిగుతూ కనిపిస్తాయి. సూర్యాపేట, నల్గొండ, ఖమ్మం, విజయవాడ... ఆ దారిన వచ్చేవాళ్ళకు హైదరాబాద్ ఇక్కడే మొదలవుతుంది. ఒక సూట్‌కేసు, ఒక బియ్యం మూట, పుట్టింటివాళ్ళు కట్టిచ్చిన పచ్చడి సీసాలు. అతను ఫోను పట్టుకుని ఆటో కోసం చూస్తుంటాడు. ఆమె సామాన్లకు కాపలా.

మేం 1994లో ఇలాగే వచ్చాం. అప్పటికి ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం హైదరాబాద్ కార్పొరేషన్‌లో లేవు, వేరే మునిసిపాలిటీలు. 2007లో గాని గ్రేటర్‌లో కలవలేదు. "సిటీకి పోయి సిటీ బయట ఉంటున్నారేంటి?" అని మా ఆడబిడ్డ ఎగతాళి చేసేది. అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్‌కు మెట్రో 2018 సెప్టెంబర్ 24న వచ్చింది. మరుసటి ఏడాది అమీర్‌పేటలో బండి మారి హైటెక్ సిటీ వెళ్ళే వీలూ కలిగింది. దాంతో ఉద్యోగం పడమటి దిక్కున ఉన్నా కాపురం తూర్పున పెట్టే జంటలు మా వీధుల్లో పెరిగాయి. దిల్‌సుఖ్‌నగర్ అంటే ఒకప్పుడు కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. ఇప్పుడు వాటి మధ్యనే కొత్త దంపతుల రెండు గదుల పోర్షన్లు.

ఇల్లు చూడటానికి ఇద్దరూ కలిసే వస్తారు. వంటగదిలో గాలి ఆడుతుందా, నీళ్ళు రోజూ వస్తాయా, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి... అడిగేదంతా ఆమే. ఓనరు గారి ప్రశ్నలకు జవాబు చెప్పేదీ ఆమే. "మీరేమిట్లు? నాన్‌వెజ్ వండుతారా? చుట్టాలు ఎక్కువా?" ఈ పరీక్ష పాసయ్యాక స్టాంపు కాగితం బయటికి వస్తుంది. అంతే, అక్కడి నుంచి ఆమె మాయం! అద్దెకు తీసుకున్నవారు: ఫలానా, తండ్రి పేరు ఫలానా. అతని సంతకం, ఓనరు సంతకం, ఇద్దరు సాక్షులు. రేపటి నుంచి ఆ ఇంట్లో రోజుకు ఇరవై గంటలు ఉండే మనిషి పేరు ఎక్కడా ఉండదు.

ఇదేం పెద్ద విషయం, ఆయన పేరున్నా నా పేరున్నా ఒకటే కదా అంటారు చాలామంది ఆడవాళ్ళు. ఒకటే అయితే సంతోషమే. కాకపోవడం నేను చూశాను.

మా పక్క బిల్డింగ్‌లో నందిగామ నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. బీఈడీ చేసింది, ఊళ్ళో రెండేళ్ళు టీచరుగా చేసింది. ఇక్కడ స్కూళ్ళలో ఇంటర్వ్యూలకు తిరుగుతోంది. తెలంగాణలో ఆడవాళ్ళకు 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది కదా. బస్సులో కండక్టర్ ఆధార్ చూసి, "ఆంధ్ర అడ్రసమ్మా, టిక్కెట్ తీసుకోవాలె" అన్నాడట. అతని తప్పేం లేదు, పథకం తెలంగాణ మహిళలకే. 2025 ఆగస్టులో ఆంధ్రలోనూ ఉచిత బస్సు వచ్చింది. "అక్కడ ఫ్రీగా తిరగొచ్చు ఆంటీ, కానీ అక్కడ నేను లేనుగా" అని నవ్వింది. (ఆ ఆంటీ అన్న మాట నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు, అది వేరే సంగతి.)

మరి అడ్రసు మార్చుకోవచ్చుగా? మార్చుకోవాలంటే ఇక్కడ ఉంటున్నట్టు రుజువు కావాలి. అద్దె ఒప్పందం అతని పేరున, కరెంటు బిల్లు ఓనరు పేరున, గ్యాస్ కూడా అతని పేరునే! 2023 జనవరిలో ఆధార్ వాళ్ళు ఒక వెసులుబాటు ఇచ్చారు. సొంత రుజువు లేనివాళ్ళు కుటుంబ పెద్ద ఆధార్ ఆధారంగా చిరునామా మార్చుకోవచ్చు. మంచిదే. అయితే ముందు ఆ పెద్ద ఆధార్‌లో కొత్త చిరునామా ఉండాలి. తరవాత ఆయన 30 రోజుల్లోగా సరేనని ఒప్పుకోవాలి. ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదికి వచ్చే అబ్బాయికి ఆ పని వచ్చే ఆదివారానికి, ఆ పై ఆదివారానికి వాయిదా పడుతుంది. అతను చెడ్డవాడేం కాదు, అతనికి ఆ అవసరం తెలియదు. అతని చేతిలో మొదటి రోజు నుంచే ఆఫీసు కార్డు, మెట్రో కార్డు ఉన్నాయి మరి!

నా సంగతి చెబుతాను. మా మొదటి ఇంటి అడ్వాన్సు నా గాజులు కుదువ పెట్టి తెచ్చింది. ఖాళీ చేసేనాటికి మావారు క్యాంపులో ఉన్నారు. డబ్బు ఇవ్వమని అడిగితే ఇంటాయన వాకిట్లోనే నిలబెట్టి, "సారు రానీ అమ్మా, కాగితం ఆయనతో కదా" అన్నాడు. మూడేళ్ళు నెల నెలా అద్దె తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టింది నేను! సారు వచ్చిందాకా, పన్నెండు రోజులు, ఆ డబ్బు రాలేదు.

ఇది చిన్న చిక్కు. పెద్ద చిక్కులు వచ్చే ఇళ్ళూ ఉంటాయి. అతను అలిగి ఊరెళ్ళిపోతే? ఖాళీ చేస్తున్నామని అతనొక్కడే ఓనరుకు ఫోన్ చేస్తే? 2005లో వచ్చిన గృహహింస చట్టం ప్రకారం కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉంది. అది అద్దె ఇల్లయినా, ఒప్పందంలో ఆమె పేరు లేకపోయినా సరే. కానీ ఆ హక్కు కోసం కోర్టు మెట్లెక్కాలి. ఊరు కొత్త, పుట్టిల్లు నాలుగు గంటల దూరం, పక్కింటివాళ్ళ పేర్లు కూడా ఇంకా తెలియవు. అలాంటి రాత్రి ఆమె ఇంటి ఓనరుకు చూపించగలిగింది తన సంతకమున్న కాగితం ఒక్కటే.

ఓనర్ల భయం నాకు తెలుసు. ఇప్పుడు మేమూ పై పోర్షన్ అద్దెకిస్తున్నాం. ఇద్దరి పేర్లు రాస్తే రేపు వాళ్ళు పోట్లాడుకుంటే మన ప్రాణానికొస్తుందని మావారే అన్నారు. పోట్లాడుకునేవాళ్ళు పేరు లేకపోయినా పోట్లాడుకుంటారు, పైగా అద్దె రాకపోతే అడగడానికి మనకు ఇద్దరుంటారు అన్నాను. ఆ రెండో మాట ఆయనకు బాగా నచ్చింది! స్టాంపు కాగితం ఖర్చు పెరగదు. ఇక్కడ అందరూ 11 నెలలకే రాసుకుంటారు. రిజిస్ట్రేషన్ బాధ ఉండదన్న ఉద్దేశంతో చేసుకునే ఏర్పాటు అది. అంటే పాత కాగితంలో పేరు లేనివాళ్ళకు కూడా ఏడాది తిరగకుండానే అవకాశం వస్తుంది. ఈసారి తిరగరాసేటప్పుడు అడగండి. గ్యాస్ కనెక్షన్ మీ పేరున తీసుకోండి. రెండో తాళం చెవి మీ దగ్గరే ఉంచుకోండి, గూట్లో కాదు.

మొన్న మా పై పోర్షన్‌లోకి మిర్యాలగూడ జంట దిగింది. కాగితంలో రెండు పేర్లు చూసి అబ్బాయి ఏమీ అనలేదు, పెన్ను ఆమెకిచ్చాడు. ఆ పిల్ల సంతకం పెట్టబోయి ఆగింది.

"ఆంటీ, ఇంటిపేరు ఏది రాయాలె? మా అమ్మగారిదా, అత్తగారిదా?"

"ఆధార్‌లో ఏదుంటే అది రాయమ్మా" అన్నాను.