అంకెలు చెప్పే నిజం

పూర్వం గుర్రపు బండి ముందుభాగాన ఒక చెక్కను అడ్డుగా బిగించేవారు. గుర్రపు డెక్కలు చిమ్మే బురద బండిలోని వారిపై పడకుండా కాపాడటం దాని పని. దాని పేరే డాష్‌బోర్డు. మోటారు కారు వచ్చిన తరువాత ఆ చోటనే వేగాన్నీ, ఇంధనాన్నీ సూచించే ముళ్లు అమరాయి. నేడు ఒక సంస్థ స్థితిగతులను ఒక్క చూపులో తెలిపే పట్టికకు కూడా అదే పేరు స్థిరపడింది.

ఇట్టి పట్టికలకు ఆధారం స్ప్రెడ్‌షీటు. 1978లో హార్వర్డు బిజినెస్ స్కూలు విద్యార్థి డాన్ బ్రిక్లిన్ నల్లబల్లపై లెక్కలను గమనించాడు. ఒక్క అంకె మారితే దానిపై ఆధారపడినవన్నీ చెరిపి తిరిగి రాయవలసి వస్తున్నది. ఆ శ్రమను యంత్రానికి అప్పగించాలన్న ఆలోచనే, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తోడ్పాటుతో 1979లో 'విసికాల్క్'గా రూపొందింది.

ఏ అంకెలను చూడాలన్నది వేరే ప్రశ్న. లాభనష్టాలు జరిగిపోయినదానినే చెబుతాయి. అందువల్ల 1992లో రాబర్ట్ కాప్లన్, డేవిడ్ నార్టన్ 'బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డు'ను ప్రతిపాదించారు. ఆర్థిక ఫలితాలతోపాటు ఖాతాదారుల అభిప్రాయం, సంస్థ లోపలి పనితీరు, కొత్తవి నేర్చుకునే శక్తి అందులో చోటు చేసుకున్నాయి.

మంచి పట్టికకు మూడు షీట్లు చాలు: ఒకదానిలో మూల వివరాలు, రెండవదానిలో లెక్కలు, మూడవదానిలో ఫలితాలు. ప్రతి అంశానికీ లక్ష్యం, సాధించినది, తేదీ, బాధ్యుని హోదా ఉండాలి. ఎరుపు, పసుపు, పచ్చ రంగులకు హద్దులను ముందుగానే నిర్ణయించాలి; ఫలితం చూసిన పిమ్మట హద్దులు జరిపితే అది ఆత్మవంచనే అవుతుంది. అంశాలు పదికి మించితే చూపు చెదురుతుంది.

అన్నిటికన్న ముఖ్యమైనది సరిచూచుకోవడం. 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు బ్రిటన్‌లో 15,841 కరోనా కేసులు దినసరి లెక్కలో చేరలేదు. పాత ఎక్సెల్ ఫైలులో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి, మించినవి జారిపోయాయి. వ్యాధి సోకినవారికి తమ ఫలితం తెలిసింది గాని, వారితో మెలగినవారిని హెచ్చరించడంలో విలువైన రోజులు గడిచిపోయాయి. వచ్చిన వరుసలెన్ని, చేరిన వరుసలెన్ని అని పోల్చే ఒక్క గడి ఉంటే ఆ లోపం మొదటి రోజే బయటపడేది.

మరొక ప్రమాదం మనుషులలోనే ఉంది. కొలతనే లక్ష్యంగా మారిస్తే ఆ కొలత నమ్మదగినది కాకుండా పోతుందని 1975లో ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ చేసిన పరిశీలన సారాంశం. సరుకు సకాలంలో పంపినట్లు చూపడానికి గడువునే పొడిగించే గుమాస్తా ఎక్కడైనా ఉండవచ్చు. అందుచేత పట్టికలో పచ్చరంగు చూసి సంతృప్తి చెందే యజమాని, అప్పుడప్పుడు గోదాములోకి కూడా వెళ్లి రావడం మంచిది.