జ్ఞానానికి స్పెల్లింగులు ఎన్ని?

ధర్మాబాద్‌లో రైలెక్కితే గోదావరి వంతెన దాటకముందే బాసర వస్తుంది. నాందేడ్ జిల్లా తెలుగు కుటుంబాలు పిల్లల అక్షరాభ్యాసానికి అక్కడికే పోతాయి. అమ్మవారి పేరు జ్ఞాన సరస్వతి. తెలుగువాళ్లు ఇంగ్లిష్‌లో రాస్తే ఆ జ్ఞానం 'జి, ఎన్'తో మొదలవుతుంది. పలక పట్టుకుని తిరిగొచ్చి మరాఠీ బడిలో చేరిన పిల్లాడికి అదే అక్షరం 'డి, ఎన్, వై' అవుతుంది. సంత్ జ్ఞానేశ్వర్ పేరును ఇక్కడ అట్లనే రాస్తారు. హిందీవాళ్లదైతే 'జి, వై'. ఒక్క 'జ్ఞ'కు మూడు స్పెల్లింగులు. ఏది తప్పు? ఏదీ కాదు. ఎవరి నోరు ఎట్ల పలికితే వాళ్ల ఇంగ్లిష్ అట్ల తయారైంది.

వినడానికి సరదాగానే ఉంటుంది. సర్టిఫికెట్ దగ్గరికొస్తేనే కష్టం. సవిత అనే పేరు చూడండి. నిజామాబాద్‌లో 'త' కోసం టి పక్కన హెచ్ పెడతారు. ఎందుకంటే ఉత్త టి 'ట'కు పోయింది. బిలోలిలో, దెగ్లూరులో ఆ హెచ్ ఉండదు. పెడితే మరాఠీ గుమాస్తా 'సవిథ' అని చదువుతాడు. అమ్మమ్మ ఊళ్లో పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రంలో హెచ్ ఉంటుంది, ఇక్కడి బడి రిజిస్టర్‌లో ఎగిరిపోతుంది. ఇంటిపేరుదీ అదే కథ. అక్కడ ముందొక పొడి అక్షరంగా మిగిలేది, ఇక్కడ పూర్తిగా రాయాలి. తోడుగా తండ్రి పేరు చేర్చాలి. ఆడపిల్లకు పెళ్లయితే ఆ చోట భర్త పేరు వచ్చి కూర్చుంటుంది. పదో తరగతి మెమోలో ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు, బ్యాంకు పాసుబుక్కులో మరో తీరు. ఇక అఫిడవిట్, గెజిట్.. తిరిగిన తిరుగుడే. ఒక్క హెచ్ కోసం రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన తండ్రికి 'నీ స్పెల్లింగ్ తప్పు' అనే మాటే వినిపిస్తుంది. అది తప్పు కాదు, వేరు. ఈ సంగతి కౌంటర్ అవతల కూర్చున్నవాళ్లకు ఎవరైనా చెప్పాలి.

ఇంగ్లిష్ పుట్టినిల్లే ఒక్క తీరుగా లేదు మరి. 1828లో అమెరికాలో నోవా వెబ్‌స్టర్ వేసిన నిఘంటువు 'కలర్'లో యు లేని స్పెల్లింగును ఖాయం చేసింది. ఇంగ్లండ్ ఇప్పటికీ ఆ యు వదల్లేదు. అమెరికాలో ఫస్ట్ ఫ్లోర్ అంటే నేల మీదిదే, మనకైతే మెట్లెక్కాలి. దక్షిణాఫ్రికాలో ట్రాఫిక్ సిగ్నల్‌ను 'రోబోట్' అంటారు. సింగపూర్ సర్కారు 2000లో మంచి ఇంగ్లిష్ మాట్లాడండంటూ ఉద్యమమే పెట్టింది. బజార్లో సింగ్లిష్ మాత్రం పోలేదు. మన సడ్డకుడికి, మరాఠీ సాడూకు ఇంగ్లిష్‌లో సరైన మాట దొరక్క 'కో-బ్రదర్' పుట్టింది. లండన్‌లో అర్థం కాకపోవచ్చు, పెళ్లిపందిట్లో అందరికీ అర్థమవుతుంది. 2008లో గురుతా గద్దీ 300 ఏళ్ల వేడుకలకు విదేశాల సిక్కులు నాందేడ్‌కు వచ్చారు. వాళ్లు తెచ్చిన ఇంగ్లిష్ కూడా ఒక్కటి కాదు.. బ్రిటన్‌వాళ్లది ఒక యాస, కెనడావాళ్లది ఒక యాస. ఎవరూ నవ్వలేదు. డాలర్లున్నవాడి యాసకు ఎవరు నవ్వుతారు?

నవ్వేది తెలుగు పిల్లల్ని చూసే. మహారాష్ట్రలో 2000 నుంచి ఒకటో తరగతిలోనే ఇంగ్లిష్ మొదలైంది. మన పిల్లాడు 'బస్సు, బ్యాంకు' అంటాడు. తెలుగు మాట అచ్చుతో ఆగాలి కాబట్టి చివర ఉకారం దానంతటదే వస్తుంది. మరాఠీ పిల్లాడికి 'బస్' దగ్గరే ఆగుతుంది. మరాఠీ రాతలో ఇంగ్లిష్ 'వి'కి 'వ్హ', 'డబ్ల్యు'కి 'వ' అని వేరుచేస్తారు. తెలుగులో రెంటికీ ఒకటే 'వ'. ఇది చెవికి అలవాటైన తేడా, బుర్రలో లోపం కాదు. పంతులు ఒక్కసారి ఎగతాళి చేస్తే ఆ పిల్లాడు ఇక చెయ్యెత్తడు. రెండు ఉచ్చారణలూ బోర్డు మీద రాసి చూపిస్తే పది నిమిషాల పని.

జూన్‌లో మళ్లీ బడులు తెరుస్తారు. పేరు రాయించేటప్పుడు నోటితో చెప్పి ఊరుకోవద్దు. జనన ధ్రువపత్రం చేతిలో పెట్టి, ఒక్కో అక్షరం చూపించి, రాసింది చదివించుకుని రావాలి. చదువురాని తల్లి వస్తే ఆ పని హెడ్మాస్టరే చెయ్యాలి.