ఓదెలును ఓదెలని పిలువరాదా?
మెట్‌పల్లి ప్రాంతమునుండి పైచదువులకై హైదరాబాదు చేరిన విద్యార్థి తొలినాటి తరగతిలో లేచి నిలిచి 'నా పేరు ఓదెలు' అని ఎంత స్పష్టముగా పలికినను, ఆంగ్లలిపిలో దకారమునకును డకారమునకును అక్షరమొక్కటే యగుటచేత, హాజరుపట్టీ చూచి చదువు అధ్యాపకుని నోట అది మరునాటికి 'ఒడేలు' అగుటయు, వెనుక బల్లలనుండి నవ్వులు లేచుటయు మనమెరిగినదే. ఓదెల మల్లన్నకు మ్రొక్కి కన్న బిడ్డలకు ఆ క్షేత్రము పేరే పెట్టుకొను ఆచారము ఆ నవ్వువారికి తెలియదు. వేములవాడ రాజన్నను తలచి పెట్టిన రాజేశమునైతే 'రాజేశ్' అని దిద్ది, పైగా ఉపకారము చేసితిమనుకొందురు. ఉచ్చారణదోషముకన్న ఈ దిద్దుబాటే నాకు కష్టముగా తోచును. చెప్పి చెప్పి విసిగిన పిల్లవాడు పేరునే కుదించుకొనుట సులభోపాయమే గాని, నేను సమ్మతింపను. నాటి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగి 1991లో ప్రధానమంత్రియైన పాములపర్తి వేంకట నరసింహారావుగారిని సైతము విదేశీపత్రికలు, గౌరవార్థమున చివర చేరిన 'రావు'నే ఇంటిపేరని భ్రమించి, 'మిస్టర్ రావు' అనియే వ్రాసినవి; అందులకై వారు పేరు మార్చుకొనలేదు. పట్టీలో ఆంగ్లాక్షరముల ప్రక్కనే తెలుగున పేరు వ్రాయించుటకు కావలసినది మరియొక గడి. విద్యార్థిని ఒకమారు అడిగి, అతడన్నట్లే అనుటకు అరనిమిషము.