ఉప్పులో ఆయన మాట గెలిచింది.. తల్లి పళ్లెంలో ఇంకా గెలవలేదు! ఓ తెలుగు డాక్టర్ పరిశోధన రాయికోడ్‌కు ఏం చెబుతోంది?

రాయికోడ్ (జహీరాబాద్): రాయికోడ్‌లో ఏ కిరాణా కొట్టుకు వెళ్లినా ఉప్పు ప్యాకెట్ మీద ‘అయోడైజ్డ్’ అని ఉంటుంది. కొనేవాళ్లు ధర చూస్తారు తప్ప ఆ మాట పెద్దగా పట్టించుకోరు. కానీ ఆ ఒక్క మాట వెనుక ఓ తెలుగు డాక్టర్ 16 ఏళ్ల పరిశోధన ఉంది. ఆయనే శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. ఆయన చేసిన ఓ పరిశోధన దేశంలో దాదాపు ప్రతి వంటింటికీ చేరింది. ఆయన రాసిన మరో వ్యాసాన్ని ప్రపంచమంతా చదివింది. మన ఇళ్లలోకి మాత్రం అది ఇంకా పూర్తిగా రాలేదు. ఎందుకిలా జరిగింది? రాయికోడ్ లాంటి మండలాలకు ఇప్పుడు ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యం?

ఎవరీ రామలింగస్వామి?

1921లో శ్రీకాకుళంలో జన్మించారు. విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివారు. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. తమిళనాడులోని కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనా కేంద్రంలో పనిచేశారు. అదే కేంద్రం 1958లో హైదరాబాద్‌కు మారి, ఇప్పుడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా మనకు తెలుసు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ప్రొఫెసర్ అయ్యారు. 1969 నుంచి 1979 వరకు ఎయిమ్స్ డైరెక్టర్‌గా, ఆపై 1986 వరకు ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్‌గా ఉన్నారు. 1994లో సూరత్ ప్లేగు దేశాన్ని వణికించినప్పుడు కేంద్రం వేసిన నిపుణుల కమిటీకి కూడా ఆయనే నేతృత్వం వహించారు. 2001లో కన్నుమూశారు.

పదవుల సంగతి అలా ఉంచితే, ఆయన పేరు నిలబెట్టినవి రెండు పనులు. ఒకటి ఉప్పు. రెండోది అమ్మ.

కాంగ్రా లోయలో ఏం జరిగింది?

1950ల్లో హిమాలయ ప్రాంతంలో గాయిటర్, అంటే గొంతు దగ్గర పెద్ద వాపు, చాలా మందిలో కనిపించేది. అయోడిన్ లోపం వల్లే ఇది వస్తోందన్న అనుమానం ఉంది. అయితే దాన్ని ఉప్పుతో ఆపొచ్చని మన దేశంలో పెద్ద ఎత్తున నిరూపించిన వాళ్లు అప్పటికి లేరు.

1956లో రామలింగస్వామి, ఎస్.ఎస్. సూచ్ తదితరులు కాంగ్రా లోయను ఎంచుకున్నారు. అప్పట్లో అది పంజాబ్‌లో ఉండేది, ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. సుమారు లక్ష జనాభా ఉన్న ఆ ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడో దానికి మామూలు ఉప్పు ఇచ్చారు. మొదట్లో మూడు చోట్లా గాయిటర్ దాదాపు ఒకే స్థాయిలో, 38 శాతం దగ్గర ఉంది.

1962 నాటికి లెక్క తేలిపోయింది. అయోడిన్ ఉప్పు తిన్న రెండు భాగాల్లో వ్యాధి సగానికి, అంతకంటే తక్కువకు పడిపోయింది. మామూలు ఉప్పు తిన్న భాగంలో ఏ మార్పూ లేదు. ఆ తర్వాత అక్కడా అయోడిన్ ఉప్పు ఇవ్వడం మొదలుపెట్టారు. అక్కడా తగ్గింది. ఇక సందేహానికి చోటే లేకుండా పోయింది. ఈ ఫలితాలు 1965లో, మళ్లీ 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయ్యాయి.

1962లోనే కేంద్రం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. అయోడిన్ లోపం గొంతు వాపుతో ఆగదని, కడుపులో ఉన్న బిడ్డ మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఇది కొండప్రాంతాల సమస్య మాత్రమే కాదని, మైదానాల్లోనూ ఉందని కూడా బయటపడింది. దాంతో 1980ల్లో దేశం మొత్తానికీ అయోడిన్ ఉప్పే ఇవ్వాలన్న నిర్ణయం వచ్చింది.

అలాగని దారంతా సాఫీగా సాగలేదు. అయోడిన్ లేని ఉప్పు అమ్మకంపై 1998లో నిషేధం అమల్లోకి వచ్చింది. 2000లో ఎత్తేశారు. 2006లో మళ్లీ పెట్టారు. చిన్న ఉప్పు రైతుల గతేంటి, ఏ ఉప్పు తినాలో ప్రభుత్వం చెప్పడమేంటి అన్న వాదనలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం దేశంలో 94 శాతానికి పైగా ఇళ్లలో ఇప్పుడు అయోడిన్ ఉప్పే వాడుతున్నారు. ఒక పరిశోధనా పత్రానికి ఇంతకంటే పెద్ద గుర్తింపు ఏముంటుంది?

1996 వ్యాసం.. ‘ఆసియా చిక్కుముడి’

ఇప్పుడు రెండో కథ. 1996లో యునిసెఫ్ నివేదికలో రామలింగస్వామి, ఉర్బన్ జాన్సన్, జాన్ రోడ్ కలిసి ఓ చిన్న వ్యాసం రాశారు. పేరు ‘ది ఏషియన్ ఎనిగ్మా’. మన మాటల్లో చెప్పాలంటే ఆసియా చిక్కుముడి.

వాళ్ల ప్రశ్న సూటిగా ఉంది. ఆఫ్రికాలోని చాలా దేశాల కంటే దక్షిణాసియాలో తిండిగింజలు, వైద్యం మెరుగ్గానే ఉన్నాయి. మరి పోషకాహార లోపం ఉన్న పిల్లలు ఇక్కడే ఎందుకు ఎక్కువ? పేదరికమా? శాకాహారమా? పుట్టుకతోనే మనవాళ్లు పొట్టివాళ్లా? ఒక్కో కారణాన్నీ పరిశీలించి, ఇవేవీ సరిపోవని తేల్చారు. చివరికి వాళ్లు ఆగింది తల్లి దగ్గర. అప్పటి లెక్కల ప్రకారం దక్షిణాసియాలో దాదాపు మూడో వంతు పిల్లలు తక్కువ బరువుతో పుడుతున్నారు. ఆఫ్రికాలో అది ఆరో వంతే. గర్భంతో ఉన్నప్పుడు అక్కడి స్త్రీ దాదాపు 10 కిలోలు పెరిగితే, ఇక్కడి స్త్రీ 5 కిలోల దగ్గరే ఆగిపోతోంది.

అంటే బిడ్డ ఆకలి పుట్టాక మొదలవడం లేదు. తల్లి పళ్లెంలోనే మొదలవుతోంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే ఆడమనిషికి, తన ఒంటి గురించి తాను నిర్ణయం తీసుకోలేని కోడలికి, బలమైన బిడ్డ ఎలా పుడుతుంది? వ్యాసం సారాంశం ఇదే. దీనికి తోడు అపరిశుభ్రతనూ వాళ్లు గట్టిగానే ప్రస్తావించారు.

తర్వాతి వాళ్లు ఏం తేల్చారు?

ఈ ఆలోచనను చాలా మంది పరీక్షకు పెట్టారు. 2003లో అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధనా సంస్థ 36 దేశాల గణాంకాలు తీసి చూసింది. ఇంట్లో స్త్రీ స్థానానికీ, పిల్లల పోషణకూ సంబంధం ఉందని, అది దక్షిణాసియాలో మరింత బలంగా ఉందని తేల్చింది. 2015లో డయాన్ కాఫీ లెక్కల ప్రకారం గర్భం దాల్చే ముందే మన దేశంలో 42 శాతం మంది స్త్రీలు ఉండాల్సినంత బరువు లేరు. ఆఫ్రికాలో ఇది 16.5 శాతమే. 2017లో సీమా జయచంద్రన్, రోహిణి పాండే మరో ఆసక్తికరమైన విషయం చెప్పారు. మన దగ్గర మొదటి మగబిడ్డ ఎత్తులో ఆఫ్రికా పిల్లలకు తీసిపోడు. తేడా తర్వాతి పిల్లల్లో పెరుగుతూ పోతోంది.

అందరూ ఒప్పుకున్నారా అంటే లేదు. ఎత్తు కొలిచే ప్రపంచ ప్రమాణాలే మన పిల్లలకు సరిపోవని ఆర్థికవేత్త అరవింద్ పనగరియా 2013లో వాదించారు. బహిరంగ మలవిసర్జనే ప్రధాన కారణమన్నది మరికొందరి మాట. వాదన ఏదైనా, చర్చ మాత్రం రామలింగస్వామి బృందం వేసిన ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

తెలంగాణ లెక్కలు ఎలా ఉన్నాయి?

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్ర అంకెలివి.

- వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు: 33.1 శాతం. అంతకుముందు సర్వేలో 28 శాతమే.
- రక్తహీనత ఉన్న చిన్నపిల్లలు: 70 శాతం. ముందు 60.7 శాతం.
- రక్తహీనత ఉన్న మహిళలు: 57.6 శాతం.
- 18 ఏళ్లలోపే పెళ్లయిన యువతులు: 23.5 శాతం.

పిల్లల విషయంలో తగ్గాల్సినవి పెరిగాయి. రాయికోడ్‌కు ఇది దూరపు వార్త కాదు. ఈ మండలం ఉన్న అందోల్ నియోజకవర్గం నుంచి గెలిచిన దామోదర రాజనర్సింహకే 2023 డిసెంబర్‌లో రాష్ట్ర ఆరోగ్య శాఖ దక్కింది. ఇక్కడి జనం ఈ ప్రశ్న నేరుగా అడగగలిగిన స్థితిలో ఉన్నారు.

ఉప్పు ఫార్ములా ఇక్కడ ఎందుకు పనిచేయదు?

అసలు విషయం ఇక్కడే ఉంది. ఉప్పు ఫ్యాక్టరీలో మారుతుంది. ఇంట్లో ఎవరూ అలవాటు మార్చుకోనక్కర్లేదు. అత్తా, కోడలూ, కొడుకూ అందరూ ఒకే ఉప్పు తింటారు. అందుకే ప్రభుత్వాలకు ఈ దారంటే ఇష్టం. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన ఫోర్టిఫైడ్ బియ్యాన్ని 2028 డిసెంబర్ వరకు కొనసాగించాలని 2024 అక్టోబర్‌లో కేంద్రం నిర్ణయించింది. అదీ ఉప్పు ఫార్ములానే. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో రేషన్ కార్డుపై మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తోంది. కడుపు నిండటానికి అది పెద్ద భరోసా, కాదనలేం. కానీ పప్పు, గుడ్డు, పాలు ఇంట్లో ఎవరి పళ్లెంలో పడుతున్నాయో రేషన్ షాపుకు తెలియదు.

ఆ మాటకొస్తే, 2015లో మొదలైన ఆరోగ్య లక్ష్మి పథకంలో ఒక మంచి ఆలోచన ఉంది. గర్భిణి, బాలింత అంగన్‌వాడీకే వచ్చి అక్కడే భోజనం చేయాలి. గుడ్డు, పాలు అక్కడే తీసుకోవాలి. ఇంటికి పంపితే పదిమందికీ పంచుతారు కాబట్టి ఈ ఏర్పాటు. సరిగ్గా ఆసియా చిక్కుముడికి తగిన మందు ఇది. అయితే పత్తి ఏరే రోజుల్లో కూలికి వెళ్లే గర్భిణి మధ్యాహ్నం పని వదిలి కేంద్రానికి ఎలా వస్తుంది? ఆ రోజు కూలి ఎవరిస్తారు? పథకం కాగితం మీద ఎంత బాగున్నా, ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది.

జహీరాబాద్ ప్రాంతానికి ఈ విషయంలో సొంత అనుభవం కూడా ఉంది. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పేద, ముఖ్యంగా దళిత మహిళల సంఘాలతో పనిచేస్తోంది. ఏ విత్తనం దాచాలి, ఏ పంట వేయాలి, జొన్న, కొర్రలు ఎంత ఇంట్లో ఉంచుకోవాలి అన్నది ఆ ఆడవాళ్లే నిర్ణయిస్తారు. 2019లో ఈ కృషికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఇక్కడ చూడాల్సింది చిరుధాన్యాల గొప్పతనం ఒక్కటే కాదు. గింజల గాదె తాళం ఎవరి చేతిలో ఉందన్నది.

ఇప్పుడేం అడగాలి?

గర్భిణి సాధారణంగా 10 నుంచి 12 కిలోల బరువు పెరగాలని డాక్టర్లు చెబుతారు. తల్లీబిడ్డల కార్డులో ప్రతి చెకప్‌కూ ఆ బరువు రాస్తారు. రాయికోడ్ మండలంలో ఎంతమంది గర్భిణులు ఎన్ని కిలోలు పెరిగారు? పేర్లు అక్కర్లేదు, ఊరివారీగా ఆ లెక్క బయటపెడితే చాలు. పుట్టిన బిడ్డ బరువు కూడా పక్కనే పెట్టాలి. అప్పుడు ఏ అంగన్‌వాడీకి సాయం కావాలో, ఏ ఊళ్లో భోజనం వేళ మార్చాలో తెలిసిపోతుంది.

కాంగ్రాలో రామలింగస్వామి చేసింది కూడా అదే. ముందు కొలిచారు, తర్వాత మార్చారు, మళ్లీ కొలిచారు. ఉప్పు విషయంలో దేశం ఆయన మాట విని బాగుపడింది. తల్లి విషయంలో ఆయన చెప్పి 1996 నుంచి ఇన్నేళ్లయినా, ఇప్పటికీ మనం బిడ్డనే తూకం వేస్తున్నాం. తల్లి తూకం ఎప్పుడు చూస్తాం?