గుడిదాకా నడక

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని గబ్బూరు తిరిగొచ్చిన మా చెల్లెలు మూడో వారంలో ఫోన్‌లో ఏడ్చేసింది. “అన్నయ్యా, గుడిదాకా కూడా నడవలేకపోతున్నా. అనవసరంగా కోయించుకున్నానేమో!”

జీర్ణాశయంలో ముప్పాతిక భాగం తీసేశాక, గుక్కెడు గుక్కెడు తాగే మనిషికి ఓపికెక్కడిది? జమ లేకుండా ఖర్చు రాస్తున్న ఖాతా అది. రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులైనా అందాలన్నారు డాక్టరు. మనవాళ్ళేమో పథ్యమని చారునీళ్ళు పోస్తారు! పెరుగు, మెత్తటి పప్పు, డాక్టరు రాసిన ప్రొటీన్ పొడి మానొద్దన్నాను. మూడో నెలకు జుట్టు రాలొచ్చనీ, చాలామందికి మళ్ళీ వస్తుందనీ ముందే చెప్పాను. వాంతులు ఆగకపోతే మాత్రం ఓర్చుకోకూడదు. బి1 విటమిన్ తగ్గి నరాలు దెబ్బతింటాయి.

చూడవచ్చినవాళ్ళు “ఎన్ని కిలోలు తగ్గావు?” అనడం మానితే సగం నీరసం తగ్గేది.

మొన్న గుడికెళ్ళొచ్చిందట, దారిలో రెండుసార్లు కూర్చుని.