గిటారుపై స్వంత పలుకు

గడచిన మాసమున గిటారుపై ‘ఏ7’, ‘డి7’, ‘ఇ7’ అను మూడు కార్డులను పట్టు విధమును ఈ పుటలో వివరించితిమి. కొన్ని స్వరములు ఒక్కుమ్మడిగ పలుకుటయే కార్డనియు నప్పుడే చెప్పియుంటిమి. ఆ మూడును చేతికి వచ్చినవారు, ఇక నెవరి పాటను నేర్వవలెనని యడుగుట సహజము. ఈ నెల ఎవరి పాటయు వలదు. మీకు తోచినదానిని మీరే వాయించుకొనుడని మా మనవి.

మన యిండ్లలో ఆడుపిల్లలకు సంగీతము చెప్పించుట క్రొత్త గాదు. అయినను చిరకాలము ఆ విద్య పెండ్లిచూపులనాడు రెండు కీర్తనలు తప్పు లేక పాడుటతో ముగియుచు వచ్చినది. గురువు చెప్పినది చెప్పినట్లు ఒప్పగించుట విద్యకు పునాదియే. దానిని మేము నిందింపము. కాని పదియేండ్లు వీణ నేర్చిన యిల్లాలిని సయితము, మీకు తోచిన నాలుగు స్వరములు వాయింపుడన్నచో చేయి కదలకపోవుట కలదు. అందులకు కారణము విద్య లేకపోవుట గాదు, తప్పు పోవునేమో యను వెఱపు. స్వంతముగ పలుకుటయు అభ్యాసముచేతనే వచ్చును.

ఈ యభ్యాసమునకు మిగుల సులభమైన త్రోవను అమెరికా దక్షిణ రాష్ట్రముల నల్లజాతివారు చూపిరి. ఆ దేశమున 1865లో బానిసత్వము రద్దయిన పిదప, పొలములలో శ్రమించిన వారి పాటలనుండి ‘బ్లూస్’ అను సంగీతము రూపొందినది. దీనిలో స్త్రీలకును గొప్ప స్థానము కలదు. మెంఫిస్ మిన్నీ యను నామె (1897–1973) 1929 మొదలు తన గిటారును గానమును రికార్డులకిచ్చి, పురుషులగు వాద్యకారులకు తీసిపోని పేరు గడించినది. మేరీ ఆస్బర్న్ (1921–1992) యను నామె చార్లీ క్రిస్టియన్ వాదనమును విని, విద్యుత్ గిటారును చేపట్టి, జాజ్ సంగీతమున అప్పటికప్పుడు స్వరములల్లి వాయించుటలో ప్రసిద్ధి కెక్కినది.

బ్లూస్ చట్రము పండ్రెండు ఖండములు. ఖండమునకు నాలుగు లెక్కలు. మొత్తము 48 లెక్కలగును. ఆదితాళము వేయ నేర్చినవారు దీనిని ఆరు ఆవర్తములుగ నెంచుకొనిన చాలును. మొదటి రెండావర్తములు ‘ఏ7’, మూడవది ‘డి7’, నాలుగవది మరల ‘ఏ7’. అయిదవ యావర్తమున లఘువునకు ‘ఇ7’, రెండు ద్రుతములకు ‘డి7’. ఆరవది ‘ఏ7’తో ముగియును. ఇంతకన్న చిక్కు లేదు.

ఇక స్వరములు. ‘ఏ’ను షడ్జముగ గొన్నచో, షడ్జము, సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, పంచమము, కైశికి నిషాదము అను అయిదే చాలును. ఇవి మన శుద్ధ ధన్యాసి రాగపు స్వరములే. రాగభావము వేఱు, గమకములు వేఱు. స్వరస్థానములు మాత్ర మవియే. సన్నని తీగను మొదటిదిగ లెక్కించినచో, నాలుగవ తీగ ఏడవ మెట్టున షడ్జము. మూడవ తీగ అయిదవ మెట్టున గాంధారము, ఏడవ మెట్టున మధ్యమము. రెండవ తీగ అయిదవ మెట్టున పంచమము, ఎనిమిదవ మెట్టున నిషాదము. మొదటి తీగ అయిదవ మెట్టున తారషడ్జము.

మన సంగీతమున శ్రుతి నిలుకడగ నుండును. ఇచ్చట కార్డు మాఱినపుడెల్ల స్వరము యొక్క నడవడియు మాఱును. ఒకే యువతి పుట్టినింట నొకరీతిని, మెట్టినింట నొకరీతిని మెలగునట్లు, మన గాంధారము ‘డి7’లో నింటిబిడ్డయై యిముడును, ‘ఏ7’పై మాత్రము, ఆ కార్డులోనున్న అంతర గాంధారముతో నించుక పెనగులాడును. ఆ పెనగులాటయే బ్లూస్ యొక్క ఆర్తి. గాంధారముపై వ్రేలుంచి తీగను కొంచెము ప్రక్కకు లాగినచో రెండు గాంధారముల నడుమనున్న ఆ చోటు వినవచ్చును. వీణపై తీగ లాగుట నేర్చినవారి కిది చేతిలోని పనియే.

కావున ముఖ్యముగ తెలియవలసిన దొక్కటే: వాయించు స్వరములు ఎన్ని యని గాక, కార్డు మాఱు క్షణమున ఏ స్వరముపై వాలుచున్నామని చూచుకొనవలెను. ‘ఏ7’ వచ్చినపుడు షడ్జముపైనను, ‘డి7’ వచ్చినపుడు మధ్యమముపైనను, ‘ఇ7’ వచ్చినపుడు పంచమముపైనను వాలినచో వినువారికి మాట పొందికగ తోచును.

ప్రక్క వాద్యమునకు మఱియొకరు లేరని చింతింపవలదు. నిమిషమునకు 60 లెక్కల చొప్పున మూడు కార్డులను మీరే వాయించి చేతిఫోనులో నెక్కించుకొనుడు. ఒక చుట్టు 48 సెకండ్లు. పది చుట్లు ఎనిమిది నిమిషములు. వంట ముగిసి పిల్లలు బడికి పోయిన పిదప ఈ మాత్రము తెఱపి చిక్కకపోదు.

మొదటి వారము కార్డు మాఱినపుడెల్ల పైని చెప్పిన ఒక్క స్వరమునే వాయింపుడు, వేఱొకటి తాకవలదు. రెండవ వారము షడ్జ గాంధార మధ్యమములను మూటినే గొని, ఒక యావర్తము వాయించి, తరువాతి యావర్తము ఊరకుండుడు. ఊరకుండుటయు సంగీతమే, మాటలాడువారు ఊపిరి తీయవలదా? మూడవ వారము అయిదు స్వరములును గైకొని, ముందు నోటితో కూనిరాగము తీసి, దానినే తీగపై పలికింపుడు. నోట రానిది వ్రేళ్లు వాయించుచున్నచో, అది అలవాటు చేయు చప్పుడే గాని మీ మాట గాదు. నాలుగవ వారము మీ వాదనమును గూడ నెక్కించి, మఱునాడు వినుడు. వెనువెంటనే విన్నచో తప్పులే వినబడును; ఒక రాత్రి గడచినచో బాగైనదియు వినబడును.

ఉక్కు తీగల వలన మొదట వ్రేళ్ల కొసలు నొచ్చును. నొప్పి హెచ్చినచో ఆపవలెను; దినమునకు పదునైదు నిమిషములు చాలును.

ఇక వెఱపును గూర్చి యొక మాట. ఈ అయిదు స్వరములు గాక మఱే స్వరము పొరపాటున పలికినను, దాని కెగువనో దిగువనో ఒక్క మెట్టు దూరమున ఈ యైదింటిలో నొకటి తప్పక యుండును. కావున తప్పు పడినపుడు చేయి తీసివేయక, ప్రక్క మెట్టునకు జారుడు. వినువారు దానిని గమకమనియే తలంతురు.

వచ్చు మాసమున ‘ఏ7’ కార్డుపై మోహన రాగపు స్వరములను వాడు పద్ధతిని వివరింతుము. అంతవఱకు ఈ యాఱు ఆవర్తములను విడువకుడు.