మన మధ్య కాగితాలెందుకు నాన్నా?

కొడుకు మెల్‌బోర్న్‌లో ఇల్లు కొంటున్నాడు. విజయవాడలో తండ్రి ఫ్లాటు అమ్మితే డిపాజిట్ కూడుతుంది. జీపీఏ, అమ్మకం దస్తావేజు, డబ్బు పంపడానికి బ్యాంకు ఫారాలు, అన్నిటిమీదా తండ్రి సంతకం పెడతాడు. ఆ కొత్త ఇంట్లో తనకున్న హక్కేమిటో ఒక ముక్క రాసివ్వమంటే మాత్రం, "మన మధ్య కాగితాలెందుకు నాన్నా?" ఏ ఒక్కరి కథా కాదిది.

మన ఆచారానికి కాగితమంటే గిట్టదనుకోవద్దు. ఆస్తి పెద్దల చేతినుంచి జారే కాగితానికి ముహూర్తం కూడా చూస్తుంది. వాళ్ల హక్కు నిలిపే కాగితాన్నే అనుమానం అంటుంది. పున్నామ నరకం తప్పించేవాడు కొడుకే, తలకొరివి పెట్టేవాడూ వాడే, కనక ఎలాగూ వాడికి రావలసిందే అన్నది దీని వెనకున్న లెక్క. ఆ నరకాన్ని చూసొచ్చినవాడెవడూ లేడు. ఆస్ట్రేలియాలో పెన్షన్ రాని పదేళ్లు మాత్రం నిజం. అక్కడ ఏజ్ పెన్షన్‌కి 67 ఏళ్లు నిండాలి, సాధారణంగా పదేళ్లు నివాసమూ ఉండాలి. కంట్రిబ్యూటరీ పేరెంట్ వీసాకే మనిషికి 43 వేల డాలర్లకు పైగా పోతుంది. అలా ఉన్నదంతా ఊడ్చుకుని వెళ్లిన తల్లికి బ్యాంకులో దుభాషి కొడుకే, ఓటీపీ చదివేది కోడలే. వాళ్లే డబ్బు తీసుకుంటే ఆమె ఎవరి నోటితో ఫిర్యాదు చేస్తుంది?

"తెల్లవాళ్లలా మనం పెద్దల్ని వదిలేస్తామా?" అని తెలుగు సంఘం సభల్లో చప్పట్లు కొట్టించుకునేవాళ్లున్నారు. వదలరు నిజమే, పిల్లల్ని చూసుకునే జీతంలేని ఆయాని ఎవరు వదులుకుంటారు! ఆస్ట్రేలియా జాతీయ సర్వే (2021) ప్రకారం 65 దాటినవారిలో 14.8 శాతం మంది ఏడాదిలో ఏదో ఒక రకం వేధింపు పడ్డారు. ఆ లెక్క అన్ని జాతులదీ. మనవాళ్లు అదనంగా "ఇంటి గుట్టు" అనే తాళం వేస్తారు.

ఇండియాలోని ఆస్తికి 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. పోషించాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పోషించకపోతే, బదిలీ రద్దు కోరవచ్చు. 2022లో సుదేశ్ ఛికారా కేసులో అలాంటి షరతు లేదని తల్లి సుప్రీంకోర్టులో ఓడిపోయింది. ఎదుటి పక్షమైన సుదేశ్ ఆమె కూతురే. 2025 జనవరిలో తీర్పు వచ్చిన మరో కేసులో తల్లి ఊర్మిళా దీక్షిత్ దగ్గర మాత్రం, చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన హామీపత్రం ఉంది. అది నకిలీదని కొడుకు వాదించాడు. సుప్రీంకోర్టు ఆమె కొడుక్కి రాసిన దానపత్రాన్ని కొట్టేసి ఆస్తిని తల్లికి ఇప్పించింది.